ఉత్తమ పరిశోధన గ్రంథములకు బహుమానము

విశ్వవిద్యాలయములు ఏటేట పట్టములు పంచిపెట్టుట అందరెరిగినదే. పట్టమిచ్చి పంపివేసిన పిమ్మట, ఆ పట్టమునకు హేతువైన గ్రంథమును మరల చేతికెత్తుకొని చదివి, ఈ యేటి గ్రంథములలో ఇది శ్రేష్ఠమైనదని నలుగురి యెదుట సకారణముగా ప్రకటించుట మాత్రము అంత సామాన్యముగా జరుగు పని కాదు. సమాచార సాంకేతిక విద్యలో, ముఖ్యముగా కంప్యూటరు శాస్త్రములో, ఈ యాచారమును కొన్ని విద్యాపీఠములు శ్రద్ధతో పాటించుచున్నవి. పిహెచ్.డి. పట్టమునకై సమర్పించిన సిద్ధాంత గ్రంథములలో ఉత్తమమైనవానికి బహుమానమిచ్చు ఈ పద్ధతి చూచుటకు స్వల్పవిషయము. ఒక ప్రశంసాపత్రము, కొంత ధనము, ఒక సాయంకాలపు సభ, అంతియే. కాని మన విశ్వవిద్యాలయముల నేటి స్థితిని తలచినప్పుడు ఈ స్వల్పవిషయమునందే ఒక గొప్ప సంస్కరణకు బీజము గలదని మాకు తోచుచున్నది. అందుచేతనే దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయబూనితిమి.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము కంప్యూటరు శాస్త్రములో వెలువడిన మేలైన సిద్ధాంత గ్రంథములకు జార్జి స్ప్రౌల్స్ పేర బహుమానము నిచ్చుచున్నది. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆర్థర్ శామ్యూల్ పేర నిచ్చుచున్నది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు శాస్త్ర కళాశాలయు ఇట్టి పురస్కారమునే నెలకొల్పినది. వీనిలో శామ్యూల్ పేరు గమనింపదగినది. ఆయన చెక్కర్సు అను గళ్లపలక ఆటను కంప్యూటరుకు నేర్పి, ఆడిన కొలదియు యంత్రము తన ఆటను తానే దిద్దుకొనునట్లు చేసి, ఆ ప్రయత్నమును గూర్చి 1959లో ఒక వ్యాసము ప్రకటించెను. మెషిన్ లెర్నింగు అని నేడు లోకమంతయు చెప్పుకొనుచున్న విద్యకు ఆ పేరు వ్యాపించినది ఆ వ్యాసము మూలముననే. పదవిలోనున్న అధికారి పేరు తగిలింపక, చేతులార పనిచేసి చూపినవాని పేర బహుమానము పెట్టి, పిన్నలకు ఆయనను ఆదర్శముగా నిలుపుట మెచ్చదగిన పద్ధతి.

విశ్వవిద్యాలయముల పురస్కారములకు పైమెట్టుగా, 1947లో స్థాపితమైన అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ అను విద్వత్సంఘము దేశదేశముల గ్రంథములనుండి ఏరి ఏటేట ఒక పురస్కారము నిచ్చుచున్నది. దీనితో లభించు ధనము 20,000 డాలర్లు. ఈ పోటీకి ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఒకటి రెండు గ్రంథములకంటె ఎక్కువ పంపుటకు వీలులేదు. మా దృష్టిలో ఈ పురస్కారమునకు ప్రాణమైనది ఆ ధనముకంటెను ఈ నియమమే. ఏటికి ఇరువది గ్రంథములు వెలువడు శాఖలో ఒక్కదానిని ఏరి పంపవలెనన్నచో ఆ ఇరువదింటిని ఎవరో యొకరు కూర్చుండి చదువక తప్పదు. ఈ గ్రంథములో క్రొత్త సంగతి యేది, ఆ గ్రంథములో తెలిసినదానికే తొడిగిన క్రొత్త చొక్కాయి ఏది అని ఆచార్యులు తమలో తాము వాదించుకొనక తప్పదు. బహుమానము ఒకనికే దక్కును. ఆ చదువువలన, ఆ వాదమువలన కలుగు మేలు మాత్రము శాఖకంతటికి దక్కును.

ఒక విద్యార్థి వ్రాసిన గ్రంథమున కింత ఆర్భాటమేల అని శంకించువారు కంప్యూటరు శాస్త్ర చరిత్రను కొంచెము తిరుగవేసి చూడవలెను. ఈ శాస్త్రములో తలపండిన పండితుల రచనలతో సమానముగా విద్యార్థుల సిద్ధాంత గ్రంథములు లోకగతిని మార్చినవి. 1963లో ఐవాన్ సదర్లాండు అను యువకుడు మసాచుసెట్స్ విద్యాలయమునకు సమర్పించిన గ్రంథములో, కాంతిలేఖినితో తెరమీద గీతలు గీచి యంత్రముతో సంభాషించు మార్గము చూపెను. నేడు ఇంజనీర్లు వంతెనలకును భవనములకును కంప్యూటరుమీద చిత్రపటములు వ్రాయుచున్నారన్నచో ఆ విద్యకు మూలము అచ్చట గలదు. 2000లో రాయ్ ఫీల్డింగ్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఇర్వైన్ శాఖకు సమర్పించిన గ్రంథము, ఇంటర్నెట్టుమీద ఒక యంత్రము మరియొక యంత్రమును సమాచార మడుగునప్పుడు పాటింపదగిన మర్యాదలను శాస్త్రీయముగా నిరూపించినది. రెస్ట్ అను పేర ఆ పద్ధతి నేడు ప్రపంచమంతట వాడుకలో నున్నది.

2009లో క్రెయిగ్ జెంట్రీ స్టాన్‌ఫర్డులో సమర్పించిన గ్రంథము మరింత ఆశ్చర్యకరమైనది. తాళము వేసిన పెట్టెను తెరువకయే లోపలి సొమ్మును లెక్కించి, లెక్కను గూడ తాళము వేసిన పెట్టెలోనే పెట్టి యిచ్చుట సాధ్యమా? రహస్య లిపిలో నున్న సమాచారమును విప్పకయే దానిపై గణితము చేయుట సాధ్యమా అని 1978లో పండితులు వేసిన ప్రశ్న ఇదియే. ముప్పది యేండ్లు ఎవరికిని పూర్తిగా కొరుకుడు పడని ఆ ప్రశ్నకు ఒక విద్యార్థి సమాధానము చెప్పెను. పైన పేర్కొన్న సంఘము ఆ యేటి పురస్కారమును అతనికే యిచ్చినది. బ్యాంకిలోని లెక్కలను, ఆసుపత్రిలోని రోగుల వివరములను పరుల యంత్రములలో దాచుకొనవలసివచ్చిన ఈ కాలమున ఈ విద్య ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. 2014లో అదే పురస్కారము పొందిన మతేయి జహారియా గ్రంథము, వందలకొలది యంత్రములమీద పరచిన సమాచారమును మాటిమాటికి డిస్కులకు వ్రాయక జ్ఞాపకమునందే నిలిపి త్వరితముగా గణించు మార్గము చూపినది. స్పార్కు అను పేర ఆ పనిముట్టు నేడు అనేక సంస్థలలో ప్రతిదినము పనిచేయుచున్నది.

ఈ పురస్కారము పొందినవారిలో భారతీయుల పేర్లును గలవు. మద్రాసులో జన్మించి బర్క్‌లీలో చదివిన మధు సూదన్ 1993లోను, అచ్చటనే చదివిన సంజీవ్ అరోరా 1995లోను, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి మసాచుసెట్స్ విద్యాలయమున పరిశోధన చేసిన వెంకటేశన్ గురుస్వామి 2002లోను దీనిని గెలుచుకొనిరి. వీరిలో మొదటి యిద్దరు శ్రమించిన విషయమొకటి మన వంటింటి సామెతను జ్ఞప్తికి తెచ్చును. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండంతయు కలియబెట్టనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన తల్లులు చెప్పుదురు. గణితములోని నిదర్శనమును గూడ ఒక ప్రత్యేక రీతిని తిరుగ వ్రాసినచో, పుటలన్నియు చదువక అచ్చటచ్చట కొన్ని యక్షరములను మాత్రము యాదృచ్ఛికముగా పరీక్షించి, తప్పున్నచో ఇంచుమించు నిశ్చయముగా పట్టుకొనవచ్చునని వారును వారి సహచరులును నిరూపించిరి. శాస్త్రములో ఇది మహావిజయము. అయితే మన విశ్వవిద్యాలయములలో సిద్ధాంత గ్రంథములను ఆ మెతుకు న్యాయముననే పరీక్షించుట మొదలుపెట్టిరేమో యని మాకు భయము కలుగుచున్నది.

ఈ భయము నిష్కారణమైనది కాదు. విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము (యు.జి.సి.) 2009లో చేసిన నిబంధనల మూలముగా సిద్ధాంత గ్రంథములను శోధ్‌గంగ అను సార్వజనిక భాండారమున చేర్చు నేర్పాటు వచ్చినది. నేడు అందు లక్షలకొలది గ్రంథములు చేరియున్నవి. ఎవడైనను ఉచితముగా తెరచి చదువుకొనవచ్చును. మంచి పనియే. 2016 నిబంధనలు, గ్రంథము సమర్పించుటకు ముందుగా ఒక పత్రికలో వ్యాసము ప్రకటింపవలెననియు, రెండు సభలలో పత్రములు చదువవలెననియు విధించినవి. దాని ఫలితమేమి? వ్యాసములకు గిరాకి పుట్టగనే, డబ్బు పుచ్చుకొని ఏది పంపినను అచ్చువేయు పత్రికలు పుట్టగొడుగులవలె లేచినవి. 2018లో ఆ సంఘమే తన యంగీకృత పట్టికనుండి 4,305 పత్రికలను తొలగింపవలసివచ్చినది. తుదకు 2022 నిబంధనలలో ఆ ప్రచురణ నియమమునే ఎత్తివేసిరి. లెక్కపెట్టుటకు వీలైనదానిని మాత్రమే లెక్కపెట్టి, తూచవలసినదానిని తూచకపోవుటవలన వచ్చిన చిక్కు ఇది.

గ్రంథచౌర్యమును అరికట్టుటకు 2018లో వేరొక నిబంధనావళి వచ్చినది. దాని ప్రకారము, ఇతర రచనలతో పోలిక నూటికి 10 వంతులలోపుగా నున్నచో దోషము లేదు. 60 వంతులను మించినచో పరిశోధకుని నమోదే రద్దగును. ఈ పోలికను కనిపెట్టునది కంప్యూటరు ప్రోగ్రాము. దొంగను పట్టుటకు ఈ కావలి అవసరమే. కాని ప్రోగ్రాము చెప్పగలిగినది మాటలు ఎంతవరకు కలిసినవన్న మాట మాత్రమే. ఇందులో ఆలోచన యున్నదా, ఈ ప్రశ్న అడుగదగినదా, ఈ సమాధానము నిలుచునా అని చెప్పవలసినది మనుష్యుడు. ఒక్క పంక్తియైనను ఎత్తివ్రాయక, ఒక్క క్రొత్త సంగతియైనను చెప్పక నూట యేబది పుటలు నింపిన గ్రంథమునకు ఆ ప్రోగ్రాము నిరపాయకరమని ముద్రవేసి పంపును. ఇప్పుడు కృత్రిమ మేధ చిటికెలో పుటలు వ్రాసిపెట్టు కాలము వచ్చినది గనుక ఆ ముద్రకు విలువ మరింత తగ్గినది.

నిబంధనలు బయటి పరీక్షకులను కనీస మిద్దరిని కోరుచున్నవి. బహిరంగముగా మౌఖిక పరీక్ష జరుపవలెననియు శాసించుచున్నవి. కాగితముమీద ఇది పటిష్ఠమైన యేర్పాటు. ఆచరణలో అనేకచోట్ల పరీక్షకుడు ఎవరన్నది పర్యవేక్షకుని స్నేహమును బట్టి నిర్ణయమగుచున్నదనియు, మౌఖిక పరీక్ష అభినందన సభగా పరిణమించుచున్నదనియు విశ్వవిద్యాలయముల లోపలివారే చెప్పుకొనుచుందురు. ఇట్టి వాతావరణములో నిజముగా శ్రమించిన పరిశోధకుని గతి యేమి? ఐదారేండ్లు కన్నులు కాయలు కాచునట్లు పనిచేసినవానికిని, కత్తెర జిగురులతో గ్రంథము కుట్టినవానికిని ఒకే పట్టము, ఒకే పటాటోపము. మంచి చెడ్డలకు తేడా చూపని చోట మంచికి నిరుత్సాహమును, చెడ్డకు ధైర్యమును కలుగుట సహజము. ఉత్తమ గ్రంథమునకు బహుమానమను పద్ధతి ఈ తేడాను విశ్వవిద్యాలయము తన నోటితో తాను చెప్పునట్లు చేయును. కావుననే దానిని అలంకారమని భావింపక తీర్పని భావింపవలెనని మేము చెప్పుచున్నాము.

మన దేశములో ఇట్టి తీర్పునకు తగిన పని జరుగుట లేదా? జరుగుచున్నది. 2002 ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్య మణీంద్ర అగ్రవాలును, అప్పుడే బి.టెక్. ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అను ఇద్దరు విద్యార్థులును కలిసి, ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అగునో కాదో త్వరగాను, నిస్సంశయముగాను తేల్చు పద్ధతిని కనుగొనిరి. శతాబ్దముల నాటి ప్రశ్నకు లభించిన ఆ సమాధానమునకు 2006లో గోడెల్ బహుమానము వచ్చినది. ఆ పని విదేశములలో జరిగినది కాదు. మన గడ్డమీద, మన విద్యార్థుల చేత జరిగినది. భారతదేశమునందలి సిద్ధాంత గ్రంథములకై ఏ.సి.ఎం. సంఘపు భారత శాఖ 2011లో ప్రత్యేకముగా ఒక పురస్కారము నేర్పరచినది; దానితో 2 లక్షల రూపాయలు లభించును. ఇక్కడి పరిశోధనను ఇక్కడివారే తూచి చెప్పుటకు అదియొక మంచి ప్రారంభము. కాని దేశమునకంతటికి ఒక్క పురస్కారము చాలదు. ఏ విశ్వవిద్యాలయమునకావిశ్వవిద్యాలయము తన పంటను తాను తూర్పారపట్టుకొననిదే మేలైన గింజ పైకి రాదు.

ఇక ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల సంగతి. తెలుగువానికి ఈ విషయములో చెప్పుకొనదగిన పూర్వగాథ యొకటి గలదు. నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరున 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాల రెడ్డి, లోకమునకు రాజ్ రెడ్డిగా తెలిసినవారు, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డు చేరి, 1966లో డాక్టరేటు పొందిరి. వారి సిద్ధాంత గ్రంథ విషయము, మనుష్యుని మాటను కంప్యూటరు గ్రహించుట. ఆ కాలమున అది పగటికలవంటి విషయము. ఆ దారినే నడచి 1994లో వారు ట్యూరింగు పురస్కారమును ఎడ్వర్డు ఫైగెన్‌బామ్‌తో పంచుకొనిరి; ఆసియా సంతతివారిలో ఆ గౌరవము పొందిన మొదటివారు వారే. తరువాత గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు తొలి ఛాన్సలరుగా నుండిరి. పల్లెటూరి బడిలో తెలుగులో చదువుకొన్న బాలుడు మాటలాడు యంత్రములకు దారి చూపుట గర్వకారణము. కాని ఆ గ్రంథము వెలువడి ఆరు దశాబ్దములు కావచ్చినను, శ్రీకాకుళపు రైతు మాటయు, పాలమూరు కూలీ మాటయు, కడప జిల్లా ముసలమ్మ మాటయు యంత్రమునకు ఇంగ్లీషు మాటవలె తెలియుట లేదు. ఆ కొరతను తీర్చవలసినది మనమే.

ఈ కొరత ఎక్కడ పుట్టుచున్నదో కొంచెము విప్పి చెప్పుదుము. తెలుగువాడు 'వెళ్ళలేకపోతున్నానని' అని ఒక్క మాట అనును. అందులో పోవుట, చేతగాకపోవుట, వర్తమాన కాలము, మాటలాడువాడు తానే యగుట, దానిని మరియొకరికి చెప్పినట్లు తెలుపుట, ఇన్నియు ఇమిడియున్నవి. ఇంగ్లీషులో ఇవి వేరువేరు మాటలు. మాటకు మాటకు నడుమ నున్న ఖాళీని బట్టి భాషను ముక్కలు చేయుటకు అలవాటుపడిన పద్ధతులకు తెలుగులో ప్రతి రూపమును క్రొత్త మాటగానే కనబడును. లిపి సంగతియు అట్టిదే. 1991లో యూనికోడు తొలి కూర్పులోనే తెలుగునకు చోటు దొరికినది. కాని విరివిగా వాడుకలోనున్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు 1 బైటు చాలగా, తెలుగు సంకేతము ఒక్కొక్కదానికి 3 బైట్లు పట్టును. 'స్త్రీ' అని మనము ఒక్క యక్షరముగా వ్రాయునది యంత్రమునకు 6 సంకేతములు, 18 బైట్లు. పరభాషల కొలతతో చేసిన పనిముట్లు తెలుగును తుత్తునియలుగా కోసి, అదే భావమునకు అధిక వ్యయమును, అధిక కాలమును పుచ్చుకొనుచున్నవి. 2011 జనగణన ప్రకారము 8 కోట్లకు మించిన ప్రజలు మాతృభాషగా చెప్పుకొన్న భాషకు ఇది ఉపేక్షింపదగిన నష్టము కాదు.

ఈ చిక్కులను విప్పుట ఉద్యోగ ప్రకటనలకు ఎదురుచూచుచు ఆరు నెలలలో ముగించు పని కాదు. ఏండ్ల తరబడి ఒక్క ప్రశ్నను పట్టుకొని కూర్చుండు డాక్టరేటు పరిశోధనకే తగిన పని. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునుండి పొందిన డాక్టరేటునకు తెలుగు ధాతువులనే విషయముగా గైకొనిరి. 1961లో గ్రంథరూపమున వెలువడిన ఆ కృషి ద్రావిడ భాషాశాస్త్రమునకు మూలస్తంభములలో నొకటి యైనది. ఆ మరుసటి యేడే వారి సంపాదకత్వమున వ్యవసాయ పదముల మాండలిక వృత్తి పదకోశము వెలువడినది. ఊరూరికి పోయి నాగలి భాగములను, పంట పేర్లను, ఎక్కడివారి మాటను అక్కడ విని వ్రాసికొన్న శ్రమ అది. నేడు యంత్రమునకు తెలుగు నేర్పగోరువానికి అట్టి శ్రమయే కావలెను. హైదరాబాదులో 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన కేంద్రమొకటి ఈ దారిని పనిచేయుచున్నది. తక్కిన విశ్వవిద్యాలయములు కూడ ఆ బాటలో అడుగుపెట్టవలెను. 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర, 1954లో శ్రీవేంకటేశ్వర, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయములు వెలసినవి ఊరక ఉత్తీర్ణపత్రములు వ్రాసియిచ్చుటకు కాదుగదా!

మా సూచనకు వచ్చు ఆక్షేపణలను మేమెరుగుదుము. మొదటిది: ముందు పరిశోధకునికి కడుపునిండ అన్నము పెట్టుడు, పిమ్మట పూలదండ వేయవచ్చును. ఈ మాటలో న్యాయమున్నది. జె.ఆర్.ఎఫ్. పరీక్షలో నెగ్గినవానికి 2023 నుండి నెలకు 37,000 రూపాయలు పరిశోధన వేతనముగా నిర్ణయించిరి. కొద్దిమందికై 2018లో ఏర్పడిన ప్రధానమంత్రి పరిశోధన వేతనము 70,000 రూపాయలతో మొదలైనది. వీనిలో ఏదియు దక్కక, ట్యూషనులు చెప్పుకొనుచు, ప్రైవేటు కళాశాలలలో గంటల లెక్కన పాఠములు చెప్పుచు పరిశోధన సాగించువారు రాష్ట్ర విశ్వవిద్యాలయములలో పెక్కుమంది. దక్కినవారికిని వేతనము నెలలకొలది ఆలస్యమగుట వింత కాదు. ఇంజనీరింగు ముగియగనే కంపెనీలో జీతము సిద్ధముగా నుండగా ఈ కష్టమునకు ఓర్చు యువకుడు త్యాగియే. బహుమానము ఈ వేతనమునకు బదులు కారాదు. వేతనము హక్కు, బహుమానము గౌరవము. ఒకదానిని చూపి మరియొకదానిని ఎగవేయు ప్రయత్నమును మేము గట్టిగా ప్రతిఘటింతుము.

రెండవ ఆక్షేపణ: ఈ బహుమానములు సిఫారసుల పాలగును, శాఖాధిపతి శిష్యునికో, మంత్రిగారి బంధువునకో, పలుకుబడి గల కులమువానికో పోవును. ఈ శంకయు తోసిపుచ్చదగినది కాదు. కాని చాటుగా జరుగు పక్షపాతమునకంటె బహిరంగముగా జరుగు పక్షపాతమును పట్టుట సులువు. ఫలానా గ్రంథమున కిచ్చితిమి, ఫలానా కారణములచేత ఇచ్చితిమి అని వ్రాసి ప్రకటింపవలసి వచ్చినప్పుడు, ఆ గ్రంథము అందరికి అందుబాటులో నున్నప్పుడు, అన్యాయము చేయువానికి చేయి కొంచెమైనను వణకును. మూడవ ఆక్షేపణ: గొప్ప గ్రంథము బహుమానమున కొరకు వ్రాయబడదు, బహుమానము పొందని గొప్ప గ్రంథములు పెక్కు గలవు. నిజమే. బహుమానము ప్రతిభను సృష్టింపజాలదు. ప్రతిభను గుర్తించు కన్ను విశ్వవిద్యాలయమునకు మూసికొనిపోకుండ మాత్రము అది కాపాడగలదు.

కావున రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములు కలిసి, సమాచార సాంకేతిక విద్యలో ఉత్తమ సిద్ధాంత గ్రంథమునకు ఏటేట ఒక పురస్కారము నెలకొల్పవలెనని మేము కోరుచున్నాము. రాష్ట్రములు రెండైనను భాష యొక్కటియే గనుక ఈ పనిలో కలిసి నడచుటకు అడ్డు లేదు. దానికి కొన్ని నియమము లుండవలెను. ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఒక్క గ్రంథమును మాత్రమే పంపవలెను. న్యాయనిర్ణేతలలో సగముకంటె ఎక్కువమంది బయటి రాష్ట్రముల వారో, విదేశములలోని పండితులో కావలెను. పర్యవేక్షకునితో కలిసి వ్యాసములు వ్రాసినవారు తీర్పునకు కూర్చుండరాదు. వ్యాసముల సంఖ్యను లెక్కకు తీసికొనరాదు. గ్రంథమునే చదివి తీర్మానింపవలెను. తీర్పు కారణములను రెండు మూడు పుటలలో వ్రాసి ప్రకటింపవలెను. గ్రంథముతోపాటు పరిశోధకుడు వాడిన ప్రోగ్రాములను, సేకరించిన సమాచారమును, వ్యక్తుల గోప్యమునకు భంగము లేనంతవరకు, ఇతరులు పరీక్షించుటకు వీలుగా భద్రపరుపవలెను. తగిన గ్రంథము లేని యేడు బహుమానము నిలిపివేయుటకు న్యాయనిర్ణేతలకు స్వేచ్ఛ యుండవలెను. ఈ కడపటి నియమము లేనిచో కొన్ని యేండ్లలోనే ఇదియు వంతులవారీ పంపకముగా దిగజారును.

మరియొక నియమము మాకు మిక్కిలి ముఖ్యమైనది. బహుమానము పొందిన పరిశోధకుడు తన గ్రంథసారమును తెలుగులో, సామాన్య విద్యావంతునికి తెలియు రీతిని, ఇరువది పుటలకు తక్కువగాకుండ వ్రాయవలెను. ఒక బహిరంగ సభలో తెలుగున ఉపన్యసింపవలెను. గ్రంథము ఇంగ్లీషులో నుండుట నేటి శాస్త్రలోకములో అనివార్యము కావచ్చును. కాని ప్రజల ధనముతో నడచు విశ్వవిద్యాలయము తాను కనుగొన్నదానిని ప్రజల భాషలో చెప్పుటకు కట్టుబడియుండవలెను. శాస్త్రము తెలుగులో ఇమడదను వాదము పాతది. దానికి సమాధానమును పాతదే. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి, కొమర్రాజు లక్ష్మణరావుగారి పూనికతో, శాస్త్ర విషయములను తెలుగు గ్రంథములుగా వెలువరించినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ బోధనా భాషగా ఆరంభమై, శాస్త్రములకు దేశభాషలో పరిభాషను నిర్మించుకొనవచ్చునని చూపినది. నూరేండ్ల క్రిందట సాధ్యమైనది నేడు అసాధ్యమనుట సోమరితనమునకు సాకు మాత్రమే. క్రొత్త మాట దొరకనిచోట కంప్యూటరు, బైటు అని తెలుగు లిపిలో వ్రాసికొనిన తప్పులేదు. భావము తెలుగువాని తలకెక్కుట ముఖ్యము.

సభ సంగతియు ఒక మాట చెప్పి ముగింతుము. ఇట్టి పురస్కారముల సభలలో వేదికపై అధికారులును, నాయకులును, దాతలును నిండిపోగా, గ్రంథము వ్రాసినవాడు మూడవ వరుసలో ఒదిగి కూర్చుండుట మన దేశములో పరిపాటి. ఈ సభలో ఆ వరుస తారుమారు కావలెను. పరిశోధకుడు మాటలాడవలెను; పెద్దలు వినవలెను, ప్రశ్నలడుగవలెను. జిల్లాల కళాశాలలనుండి విద్యార్థులను రప్పించి ముందు వరుసలలో కూర్చుండబెట్టవలెను. తమ యూరివంటి ఊరినుండి వచ్చిన యువతియో యువకుడో ఐదేండ్లు ఒక్క ప్రశ్నతో పెనుగులాడి గెలిచిన కథను వారు తమ భాషలో వినినచో, వారిలో కొందరికైనను కంపెనీ నియామకపత్రము నొక్కదానిని మాత్రమే చదువునకు పరమావధిగా నెంచు భావము సడలును.

దీనికి కావలసిన ధనము మిక్కిలి స్వల్పము. ఒక స్నాతకోత్సవపు షామియానా ఖర్చులో భాగము చాలును. కావలసినది శ్రద్ధ. తన బిడ్డల గ్రంథములను తాను చదువు శ్రద్ధ, చదివినదానిని గూర్చి నిర్భయముగా మంచి చెడ్డలు చెప్పు శ్రద్ధ. ఉపాధ్యక్షులును, ఉన్నత విద్యామండలులును రానున్న విద్యాసంవత్సరముననే ఈ యేర్పాటునకు పూనుకొందురుగాక యని మేము ఆశించుచున్నాము. ఆలస్యమైనకొలది భాండారమున గ్రంథములు పేరుకొనుచునే యుండును. వానిలో ఏది రత్నమో, ఏది రాయియో చెప్పువారు లేక రెండును ఒకే దుమ్ములో పడియుండును.